పది నిమిషాల వంట వెనుక డెబ్బై ఏళ్ళ కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు, పింఛను లెక్కల గురించీ వైద్య బీమా గురించీ నాకంటే బాగా రాసేవారు చాలామంది ఉన్నారు గనుక నేను వంటింటి నుంచి మొదలుపెడతానన్నాను. "చరిత్ర వ్యాసం అన్నారు, వంటిల్లు అంటున్నారేమిటి?" అని ఆయన నవ్వారు. మనం ఉద్యోగం చేసిన కాలంలో మన చేతుల మీదుగానే నడిచిన ఒక చరిత్ర ఇవాళ పది నిమిషాల్లో తయారయ్యే ఒక వంటకంలో వచ్చి కూర్చుంది. ఆ సంగతి చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

2016లో నేనూ మా శ్రీమతీ అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఇంటికి వెళ్ళాము. ఒక సాయంత్రం కోడలు ఆఫీసు నుంచి వచ్చి, "మామయ్యా, ఒక్క పది నిమిషాలు, వంట అయిపోతుంది" అంటూ ఫ్రీజరులోంచి ఒక సంచి తీసింది. అందులోని రొయ్యలను చన్నీళ్ళలో వేసి మంచు వదిలించింది. మూకుడులో కాస్త నూనె, కాస్త వెన్న వేసి, సన్నగా తరిగిన వెల్లుల్లి వేసి, కమ్మని వాసన రాగానే రొయ్యలు వేసింది. అవి ఎర్రబడగానే పొయ్యి కట్టేసి పైన నిమ్మరసం పిండింది. నేను గడియారం చూశాను. నిజంగానే పది నిమిషాలు.

తిన్నాను, బాగుంది. అయితే ఆ రుచి నాకు కొత్తది కాదు. ఇంతకుముందు ఎక్కడో తిన్న రుచి. ఖాళీ సంచి తిప్పి చూస్తే వెనుకవైపు చిన్న అక్షరాల్లో భారతదేశపు ఉత్పత్తి అని ఉంది. మా శ్రీమతి నా వైపు చూసింది. ఇద్దరికీ ఒకే రోజు గుర్తుకొచ్చిందని ఆ చూపులోనే తెలిసింది. ఆ రోజు సంగతి వరుసలో చెబుతాను.

అమ్మమ్మల నాటి రొయ్య

మా చిన్నతనంలో రొయ్య గొప్పవాళ్ళ తిండి కాదు. సముద్రంలో, ఉప్పుటేళ్ళలో, కాలువల్లో, చెరువుల్లో ఎక్కడబడితే అక్కడ దొరికేది. కాని పచ్చి రొయ్య భాగ్యం తీరానికి దగ్గరి ఊళ్ళకే. రొయ్యకు జీర్ణావయవాలు తలలోనే ఉంటాయి. అందువల్ల చచ్చిన కొద్ది గంటలకే తల నల్లబడుతుంది, మాంసం మెత్తబడుతుంది. ఐసు లేని ఆ రోజుల్లో పట్టిన రొయ్యలో ఎక్కువ భాగం ఇసుక మీద ఎండబెట్టేవారు. ఎండురొయ్యలు, ఇంకా సన్నవైతే రొయ్యపొట్టు, సంతల మీదుగా లోపలి జిల్లాల దాకా వెళ్ళేవి. సముద్రం ఎన్నడూ చూడని ఊళ్ళలో కూడా వంకాయ ఎండురొయ్యల కూర, చింతచిగురు రొయ్యపొట్టు తెలియని ఇల్లు తక్కువ. "రొయ్యకు లేవా బారెడు మీసాలు" అన్న సామెత తెలుగుదేశమంతా తిరిగిందంటే ఆ రొయ్య కూడా అంత దూరం తిరిగిందన్నమాటే.

పచ్చి రొయ్యలు దొరికిన రోజున మా అమ్మమ్మ ఏం చేసేదో చెబుతాను. పొట్టు వలిచి, వీపు మీది నల్లని తీగ లాగేసి, ఉప్పు, పసుపు, నిమ్మరసం వేసి బాగా పిసికి కడిగేది. నీచువాసన పోవడానికి అదే మందు. సముద్రపు జీవుల నీచుకు కారణమైన పదార్థం క్షార గుణం కలది. పులుపు తగలగానే అది ఆవిరిగా లేచే గుణం పోగొట్టుకుని నీళ్ళతో పాటు వెళ్ళిపోతుందని రసాయనశాస్త్రం చదివినవారు చెబుతారు. అమ్మమ్మకు ఆ శాస్త్రం తెలియదు, నిమ్మచెక్క తెలుసు. అయితే ఆ నిమ్మ పని కడగడంతోనే ముగిసేది. కూరలో పులుపు కోసం చింతపండో, మామిడికాయో, గోంగూరో పడేది. కొందరు వెల్లుల్లి అంటారు, తెలంగాణ మిత్రులు ఎల్లిగడ్డ అంటారు, సీమవారు తెల్లగడ్డ అంటారు. పేరేదైనా అది అల్లంతో, ధనియాలతో కలిసి నూరుడు ముద్దలో కలిసిపోయేదే తప్ప విడిగా కనిపించేది కాదు.

వెల్లుల్లి, నిమ్మ, రొయ్య మూడూ మన వంటింట్లో ఎప్పటినుంచో ఉన్నా, ఆ మూడింటితోనే నాలుగు నిమిషాల్లో ముగించే వంట మాత్రం మనవాళ్ళు ఎందుకు చేయలేదని చాలాకాలం ఆలోచించాను. నాకు తోచిన సమాధానం ఇది. పావుశేరు రొయ్యలతో పదిమందికి కూర చేయాలంటే వంకాయ కావాలి, చింతపండు కావాలి, పులుసు కావాలి. ఉత్తి రొయ్యలే వేయించి తలా అరడజను వడ్డించాలంటే ముందు అన్ని రొయ్యలు ఉండాలి. ఈ త్వరిత వంటకు నేర్పుతో పెద్దగా పని లేదు, సమృద్ధిగా సరుకుంటే చాలు. ఆ సమృద్ధి ఎలా వచ్చింది, ఎవరి ఖర్చు మీద వచ్చింది అన్నదే మిగతా కథ.

ఎండురొయ్య పోయి మంచురొయ్య వచ్చె

స్వాతంత్ర్యానికి పూర్వం మన దేశపు రొయ్య ఎగుమతి అంటే ముఖ్యంగా ఎండురొయ్యే. బర్మా దానికి పెద్ద బజారు. 1952లో నార్వే దేశంతో కుదిరిన ఒప్పందం ప్రకారం కేరళలోని నీండకర వద్ద ఇండో-నార్వీజియన్ ప్రాజెక్టు మొదలైంది. మరబోట్లు, ఐసు, శీతల గిడ్డంగులు మన తీరానికి రావడానికి అది దారి తీసింది. 1953లో కొచ్చిన్ నుంచి గడ్డకట్టించిన రొయ్యలు మొదటిసారిగా అమెరికాకు ఓడెక్కాయి. నా శీర్షికలోని డెబ్బై ఏళ్ళు అక్కడి నుంచి లెక్క.

1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించి డాలరుకు 4 రూపాయల 76 పైసల నుంచి 7 రూపాయల 50 పైసలకు తెచ్చారు. మనలో అప్పటికే ఉద్యోగంలో ఉన్న పెద్దలకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. దిగుమతి చేసుకునేవారికి అది కష్టం, ఎగుమతి చేసేవారికి లాభం. రొయ్య ఆ లాభపు పక్షాన పడింది. 1972లో కొచ్చిన్ కేంద్రంగా సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఏర్పడింది. మన వైపున విశాఖపట్నం, కాకినాడ రేవుల్లో ట్రాలర్లు బారులు తీరాయి. అవి చేపలూ పట్టేవి గాని అసలు వల వేసింది రొయ్య కోసమే. అప్పటి నుంచి రేవులో రొయ్య ధర మన ఇంటి ఇల్లాలు బేరమాడే ధర కాకుండా పోయింది. జపాన్‌లో, అమెరికాలో ఎంత పలికితే ఇక్కడా అంతే. పెద్దవి ఐసు పెట్టెల్లోకి, చిన్నవి మన గంపల్లోకి వెళ్ళాయి.

ఒక వంట, మూడు పేర్లు

ఇక్కడ ఆ వంటకం పుట్టుక గురించి కూడా కొంచెం చెప్పాలి. వెల్లుల్లిని నూనెలో వేయించి అందులో రొయ్యలు వేసే పద్ధతి స్పెయిన్‌లో ప్రసిద్ధం. మట్టిమూకుడులో ఆలివ్ నూనె, వెల్లుల్లి, ఎండుమిరప, రొయ్యలు. దాన్ని వాళ్ళు గాంబాస్ అల్ అహీయో అంటారు. ఇటలీలో స్కాంపి అంటే సన్నని పీతగోళ్ళ వంటి గోళ్ళున్న మరొక సముద్రజీవి, దాన్నీ వెల్లుల్లితోనే వండుతారు. ఇటలీ నుంచి అమెరికా వెళ్ళినవారికి అక్కడ ఆ జీవి దొరకక రొయ్యలతో అదే వంట చేసుకున్నారు. పేరు మాత్రం వదల్లేదు. అందుకే అమెరికాలో స్కాంపి అంటే జీవి పేరు కాక వెల్లుల్లి, వెన్న, నిమ్మరసంతో చేసిన రొయ్యల వంటకం పేరైంది. అదే మాట మన దగ్గరికి వచ్చేసరికి మంచినీటి చెరువుల్లో పెరిగే నీలకంఠ రొయ్యకు వ్యాపార నామమైంది. భీమవరంలో స్కాంపి వేరు, న్యూయార్కులో స్కాంపి వేరు, వెనిస్‌లో స్కాంపి వేరు.

సరుకుల ప్రయాణం కూడా విచిత్రమే. వెల్లుల్లి మధ్య ఆసియా నుంచి రెండు వైపులకూ నడిచింది. నిమ్మజాతి చెట్లు హిమాలయాల తూర్పు పాదాల నుంచి చైనా దాకా ఉన్న ప్రాంతంలో పుట్టాయని శాస్త్రజ్ఞులంటారు. అవి అరబ్బుల ద్వారా స్పెయిన్ దాకా వెళ్ళాయి. మిరప అమెరికా ఖండం నుంచి స్పెయిన్, పోర్చుగల్ నావికుల ద్వారా మన దాకా వచ్చింది. వాళ్ళ పసుపుపచ్చని పెద్ద నిమ్మా, మన గూడూరు నిమ్మా ఒకటి కావు. మనది చిన్నది, పులుపు ఎక్కువ, వాసన ఘాటు.

టైగరు సంవత్సరాలు

ఇప్పుడు నేను ఎరిగిన కాలానికి వస్తాను. 1990 నుంచి 1995 వరకు నెల్లూరు జిల్లా తీరంలో మన బ్యాంకు శాఖ ఒకదానిలో ఫీల్డ్ ఆఫీసరుగా పనిచేశాను. శాఖ పేరు చెప్పను, ఆనాటివారు పోల్చుకుంటారు.

నెల్లు అంటే వరి, ఆ ఊరి పేరులోనే వరి ఉందని పెద్దలు చెబుతారు. నేను చేరేనాటికి మా శాఖ పుస్తకాల నిండా పంటరుణాలే. మొలగొలుకుల పేరు తలుచుకుని పొంగిపోయే రైతులు అప్పటికింకా ఉన్నారు. మూడేళ్ళలో అంతా మారింది. 1930లలో జపాన్‌లో ఫుజినాగా అనే శాస్త్రజ్ఞుడు రొయ్యలను నిర్బంధంలో గుడ్లు పెట్టించి పిల్లలను పెంచవచ్చునని చూపించాడు. ఆ విద్య తైవాన్, థాయిలాండ్‌ల మీదుగా 1980ల చివరకు మన తీరం చేరింది. సముద్రపు టైగరు రొయ్య పిల్లలను తెచ్చి గుంటల్లో వదిలి, మేత వేసి, నాలుగైదు నెలల్లో కిలోకు ముప్పై తూగేట్టు పెంచవచ్చు. 1991 జూలైలో రూపాయి విలువ మళ్ళీ తగ్గింది. ఎగుమతి సరుకు ధర ఒక్కసారి పెరిగింది. ఇంకేమి కావాలి? తీరం వెంబడి పొలాలు గుంటలైపోయాయి. కౌంటు, సీడు, ఏరియేటరు, చెక్‌ట్రే అన్న మాటలు వరి మాత్రమే ఎరిగిన నోళ్ళలో నానాయి. సముద్రంలో పట్టిన ఒక్క తల్లి రొయ్య వేల రూపాయలు పలికేది.

మాకూ లక్ష్యాలుండేవి. పై కార్యాలయం నుంచి ఫోను వస్తే మొదటి ప్రశ్న రొయ్యల రుణాలు ఎంతవరకు వచ్చాయనే. నేను నా మోటారుసైకిలు మీద గట్ల వెంట తిరిగి తనిఖీ నివేదికలు రాసేవాణ్ణి. ఆ నివేదికలో చుట్టుపక్కల పొలాలకు, నీటికి ఇబ్బంది ఉన్నదా అని ఒక గడి ఉండేది. ప్రతిసారీ అందులో "లేదు" అని రాసేవాణ్ణి. గట్టు మీద నిలబడి చూస్తే ఇబ్బంది ఏమీ కనబడదు. ఉప్పునీరు భూమి లోపల నడుస్తుంది.

ఆ దారిలో ఒక అవ్వ ఇల్లు ఉండేది. ఎండలో తిరిగి అలసిపోతే ఆమె ముంతతో నీళ్ళిచ్చేది. ఆ ఊరి చేదబావి నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉండేవి. 1994 వేసవిలో మళ్ళీ ఆగి, "అవ్వా, కాసిని నీళ్ళు" అన్నాను. ఆమె ముంత నా చేతికిచ్చి, "తాగి చూడు నాయనా" అంది. ఒక్క గుక్కకే ఉప్పు తెలిసింది. నేను ముంత దించాను. "మాకిప్పుడు మైలు దూరం నుంచి తెచ్చుకోవాల. నువ్వు బ్యాంకోడివి గదా, నీకు తెలవదా?" అంది. కోపంగా అనలేదు. నాకు తెలుస్తుందనుకుని మామూలుగా అడిగింది. అంతకు రెండు నెలల ముందే, ఆమె ఇంటికి రెండు ఫర్లాంగుల దూరంలోని గుంటలకు నా చేత్తో "లేదు" అని రాసి సంతకం చేశాను.

ఆ గుంటల పక్కనే ఒక రైతుకు ఆరెకరాల వరి పొలం ఉండేది. పక్కన ఉప్పునీరు నిలిచాక అతని పైరు ఎర్రబడి దిగుబడి పడిపోయింది. పంటరుణం కోసం వచ్చినవాణ్ణి, "వరి ఎలాగూ పండదు, నువ్వూ గుంటలు తవ్వు, రుణం ఇప్పిస్తాను" అని చెప్పినవాణ్ణి నేనే. మొదటి పంటకు అతను మా శాఖకు స్వీట్లు తెచ్చి పంచాడు.

1994 రెండవ సగంలో తెల్లమచ్చ వ్యాధి వచ్చింది. తూర్పు ఆసియా దేశాలను ముందే దెబ్బతీసిన వైరస్ అది. రొయ్య మేత మానేస్తుంది, గట్టు అంచుకు వచ్చి తిరుగుతుంది, పెంకు మీద తెల్లని మచ్చలు కనబడతాయి. వారం పదిరోజుల్లో గుంట మొత్తం ఖాళీ. మందు లేదు. చేయగలిగినదల్లా ఉన్నపళంగా తూము తీసి, మిగిలిన రొయ్యను దొరికిన ధరకు అమ్ముకోవడమే. ఆ వైరస్ మనుషులకు హాని చేయదు గాని, ఎదగని రొయ్యను ఎగుమతివారు కొనరు. ఆ వారం మా ఊరి బజారులో రొయ్యలు వంకాయల ధరకు దిగాయి. జీవితంలో మొదటిసారి నేను రెండు కిలోలు ఒక్కసారి కొన్నాను.

ఇంటికి తెచ్చేసరికి రాత్రయింది. కరెంటు లేదు. మసాలా నూరే ఓపిక మా శ్రీమతికి లేదు, చింతపండు నానబెట్టే సమయం లేదు. లాంతరు వెలుగులో వెల్లుల్లి చితక్కొట్టి, నూనెలో ఎండుమిరపకాయలతో వేయించి, రొయ్యలు వేసి, దించాక నిమ్మకాయ పిండింది. ఎన్నడూ లేనంత కడుపునిండా తిన్నాము. పిల్లలు మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకున్నారు. వడ్డిస్తూ వడ్డిస్తూ ఆమె, "రైతు ఏడుస్తుంటేగాని మనదాకా రాలేదు" అంది. అమెరికాలో నాకు గుర్తుకొచ్చిన రుచి అది. మా ఇంట్లో ఈ వంట పుట్టింది ఆ రాత్రి.

ఆరెకరాల రైతు రెండవ పంట ఆ వారంలోనే పోయింది. మూడవసారి బయట అప్పుచేసి వేశాడు, అదీ పోయింది. తరువాత కొన్నేళ్ళకు బ్యాంకు ఒకేసారి పరిష్కారం కింద కొంత తీసుకుని ఖాతా మూసింది. భూమి బయటి అప్పులవారికి పోయింది. బదిలీ అయ్యాక ఒకసారి ఆ దారిన వెళ్ళినప్పుడు, ఒకప్పటి తన పొలం గట్టు మీదనే అతను కాపలా ఉద్యోగం చేస్తూ కనిపించాడు. "బాగున్నారా సార్" అని ముందుగా పలకరించింది అతనే.

న్యాయస్థానం చెప్పిన మాట

మన శాఖల్లో ఎవరమూ రాయని సంగతిని వేరే ఒకరు రాశారు. తమిళనాడుకు చెందిన సర్వోదయ నాయకులు ఎస్. జగన్నాథన్‌గారు 1994లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేశారు. కోర్టు ఆదేశంతో నాగపూరులోని నీరి సంస్థ శాస్త్రజ్ఞులు ఆంధ్ర, తమిళనాడు తీరాలు తిరిగి చూశారు. 1996 డిసెంబరు 11న జస్టిస్ కుల్దీప్‌సింగ్ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. తీర నియంత్రణ మండలంలో సంప్రదాయ పద్ధతి చెరువులు తప్ప మిగతా రొయ్యల గుంటలను 1997 మార్చి 31లోగా తొలగించాలని, పంటభూములను, ఉప్పుమళ్ళను, మడ అడవులను, గ్రామ ఉమ్మడి భూములను రొయ్యల గుంటలుగా మార్చరాదని ఆ తీర్పు సారాంశం. తాగునీటి బావులు ఉప్పగా మారిన విషయం అందులో ప్రముఖంగా చర్చకు వచ్చింది. దినపత్రికలో ఆ వార్త చదివినప్పుడు నాకు అవ్వ ముంతే గుర్తుకొచ్చింది.

తీర్పు పూర్తిగా అమలు కాలేదు. పునఃపరిశీలన పిటిషన్లు వచ్చాయి, దానిమీద ఆధారపడ్డ కూలీల బతుకుల ప్రశ్న వచ్చింది. చివరకు 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి గుంటలను నమోదు, నియంత్రణల కిందికి తెచ్చారు. ఆ కూలీల ప్రశ్న తేలికైనది కాదని ఒప్పుకుంటాను. రొయ్యల తలలు తీసి పొట్టు వలిచే షెడ్లలో వేలాది ఆడవాళ్ళు ఐసు నీళ్ళలో చేతులు పెట్టి పనిచేసి పిల్లలను చదివించుకున్నారు. ఒక ఊరికి ఉప్పు తెచ్చిన పరిశ్రమే పక్క ఊరికి కూలి తెచ్చింది.

వనామీ వచ్చిన తరువాత

టైగరు దెబ్బతిన్నాక గోదావరి, కృష్ణా జిల్లాల్లో కొన్నాళ్ళు నీలకంఠ రొయ్య నడిచింది. దానికీ వ్యాధులు తప్పలేదు. 2009లో ప్రభుత్వం వనామీ రొయ్య పెంపకానికి అనుమతి ఇచ్చింది. మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం దాని పుట్టిల్లు. నిర్దిష్ట రోగాలు లేవని పరీక్షించిన తల్లి రొయ్యలు విమానంలో చెన్నై వస్తాయి, అక్కడ క్వారంటైనులో ఉంచి చూసి, ఆ తరువాతే హేచరీలకు ఇస్తారు. టైగరు ఎక్కువగా అడుగున తిరుగుతుంది, వనామీ నీటి మధ్యలో కూడా ఈదుతుంది. కనుక అంతే గుంటలో ఎక్కువ పెంచవచ్చు. చదరపు మీటరుకు అరవై పిల్లలకు మించరాదని నిబంధన పెట్టవలసి వచ్చిందంటే ఎంత ఒత్తుగా పెరుగుతుందో ఊహించండి. ఉప్పు తక్కువైన నీటిలోనూ బతుకుతుంది గనుక తీరానికి దూరంగా కూడా చెరువులు వ్యాపించాయి.

అటు అమెరికాలో 2001లో రొయ్య డబ్బా ట్యూనా చేపను దాటి, అక్కడివారు అందరికంటే ఎక్కువ తినే సముద్రాహారమైంది. ఆ ఆకలికీ మన వనామీకీ సరిపోయింది. మా కోడలు ఫ్రీజరులోని సంచి మీద 16/20 అని ఉంది. అంటే తలలేని రొయ్యలు పౌనుకు పదహారు నుంచి ఇరవై. మన రైతు లెక్క కిలోకు, అదీ తలతో సహా. ఒకే రొయ్యకు ఇక్కడ ఒక లెక్క, అక్కడ ఒక లెక్క. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతం చేసినప్పుడు భీమవరం చెరువు గట్టున ధర పడిపోయింది. మన రొయ్య మనవాళ్ళే ఎక్కువ తినాలన్న మాట అప్పుడు గట్టిగా వినిపించింది. 1994లో వ్యాధి వచ్చి మా పళ్ళెంలోకి తెచ్చిన రొయ్యను ఈసారి సుంకం తెచ్చిందనుకున్నాను.

వంట విధానం

ఇంతా చెప్పి వండటం చెప్పకపోతే మిత్రులు ఒప్పుకోరు. పదవీ విరమణ తరువాత మా ఇంట్లో ఈ వంట నాదే.

నలుగురికి అరకిలో రొయ్యలు తీసుకోండి. పొట్టు వలిచి, వీపు మీద గాటు పెట్టి నల్ల తీగ తీసి, అమ్మమ్మ పద్ధతిలోనే ఉప్పు, పసుపు, కాస్త నిమ్మరసం వేసి కడగండి. నిమ్మరసంలో నానబెట్టవద్దు, పులుపుకే మాంసం గట్టిపడుతుంది. గుడ్డతో తడి అద్దండి. తడి ఉంటే వేగదు, ఉడుకుతుంది. పది పన్నెండు వెల్లుల్లి రెబ్బలు సన్నగా తరిగి ఐదు నిమిషాలు పక్కన ఉంచండి. కోసిన తరువాతే దాని ఘాటు పుడుతుంది.

బాణలిలో మూడు చెంచాల వేరుశనగ నూనె కాగాక మంట తగ్గించి వెల్లుల్లి, మూడు ఎండుమిరపకాయలు వేయండి. వెల్లుల్లి లేత బంగారు రంగుకు రావాలి, అంతకు మించితే చేదు. వెంటనే మంట పెంచి రొయ్యలు, తగిన ఉప్పు వేయండి. ఒకవైపు ఒకటిన్నర నిమిషం, తిప్పి మరో ఒకటిన్నర నిమిషం. రొయ్యలోని ఎర్ర రంగు మాంసకృత్తుతో ముడిపడి దాగి ఉంటుంది, వేడికి ఆ ముడి విడిపోయి బయటపడుతుంది. అదే మీకు గుర్తు. రొయ్య సగం వంగితే సరిగ్గా ఉడికినట్లు, గుండ్రంగా చుట్టుకుపోతే రబ్బరైనట్లు. పొయ్యి కట్టేసి, మిరియాల పొడి, కొత్తిమీర చల్లి, ఒక నిమ్మకాయ పిండండి. మంట మీద పిండితే చేదెక్కుతుంది. వేడి అన్నంలోకి, పక్కన చారుతో బాగుంటుంది.

నేను ఈ వంట మానలేదు, మానమని ఎవరికీ చెప్పను. రొయ్యలు పెంచే రైతు కూడా రైతే, పొట్టు వలిచే అమ్మ కూడా అమ్మే. కాని నిమ్మకాయ పిండే ప్రతిసారీ ఆ తనిఖీ నివేదికలోని గడి నాకు కనబడుతుంది. "లేదు" అని కాక "బావి చూడలేదు" అని రాసి ఉంటే నిజమైనా మిగిలేది.

ఆ కాలంలో నెల్లూరు నుంచి శ్రీకాకుళం దాకా తీర శాఖల్లో పనిచేసిన మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. మనం మంజూరు చేసిన రుణాల లెక్కలు ఏ గోదాములోనో చెదలు పట్టి ఉంటాయి. వాటిలో లేనివి మన జ్ఞాపకాల్లోనే ఉన్నాయి. ఏ ఊరి బావి ఎప్పుడు ఉప్పయింది, ఎవరి పొలం ఎలా పోయింది, ఎవరి పిల్లలు ఆ డబ్బుతో చదువుకున్నారు, మంచీ చెడూ రెండూ రాసి మన పత్రికకు పంపండి. మన తరువాత అవి చెప్పేవారుండరు.